తప్పుల్లేని దుప్పట్లు

మా మిల్లులో మా ఆవిడని అందరూ ఎక్స్‌రే అనేవాళ్ళు. జబ్బు చేశాక వచ్చిన పేరు కాదది, అంతకు పదేళ్ళ ముందునుంచీ ఉన్నదే. బట్ట మీద ఆమె అరచెయ్యి పడిందంటే లోపల ఎక్కడ నక్కిన ముడైనా దొరికిపోవలసిందే. ఆసుపత్రిలో ఫొటోలు తీసే గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, "ఎక్స్‌రేకే ఎక్స్‌రే తీయిస్తున్నావు బావా, సామాన్యుడివి కాదు నువ్వు" అంది. నాకు నవ్వు రాలేదు. అయినా నవ్వాను. ఆ ఏడాదంతా నేను చేసిన పని చాలామటుకు అదే.

నేను చెప్పబోయేది ఆమె తిరిగి పనిలోకి వచ్చిన చలికాలం సంగతి. ఎండాకాలం మొదట్లో ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ఇంజెక్షన్లు, ఆపైన రేడియేషన్ కరెంటు పెట్టడం. అవన్నీ అయ్యేసరికి చలి మొదలైంది. మాది ఉన్ని దుప్పట్ల మిల్లు కాబట్టి చలి మొదలైందంటే ఊపిరి సలపని పని. డాక్టరు ఇంకో రెండు నెలలు ఆగమన్నాడు. ఈవిడ వినలేదు. గోడలు చూస్తూ కూర్చుంటే రెండో జబ్బు పట్టుకుంటుందంది. సాయానికని వచ్చి మా దగ్గరే ఉండిపోయిన మా అత్త కూడా కూతురి పక్షమే తీసుకుంది. "వెళ్ళనీ నాయనా, అది ఇంట్లో ఉంటే నేను బతకను. నిన్నటికి నిన్న వంటింట్లో డబ్బాలన్నీ మూడుసార్లు సర్దింది" అంది.

మిల్లులో మా ఆవిడ పక్క టేబుల్ దగ్గర కూర్చునేవిడని పొడుగక్క అంటారు. మా ఆవిడ అక్కా అని పిలుస్తుంది కాబట్టి నాకు వదిన. ఇద్దరూ ఒకే నెలలో పనిలో చేరి ఇరవై ఏళ్ళు పక్కపక్కనే కూర్చున్నవాళ్ళు. మర్నాడు పనిలోకి వస్తుందనగా వదిన ఇంటికొచ్చి, మా ఆవిడ చేతిలో ఒక చిన్న మెత్త పెట్టింది. మిల్లు ఉన్నినే ఏడుసార్లు కడిగి, దువ్వి, పలచటి గుడ్డలో గుండ్రంగా కుట్టింది. జాకెట్టు లోపల ఎడమవైపు పెట్టుకోవడానికి. మా ఆవిడ దాన్ని అరచేతిలో తూచి చూసుకుని, "అసలుదానికంటే ఇదే బుద్ధిమంతురాలిలా ఉందక్కా, నన్నేం చెయ్యదు" అంది. ముగ్గురు ఆడవాళ్ళూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

ఇక్కడ మా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. నేను మగ్గాల మెకానిక్కుని. ఇరవై నాలుగు మరమగ్గాలు నా పూచీ. మగ్గం నుంచి దిగిన బట్ట చుట్టని థాను అంటాం. నేతలో ఉన్ని పోగు తెగినచోటల్లా ముడి వేస్తారు. ఆ ముడి బట్టలో కలిసిపోయి కంటికి కనిపించదు, కానీ తర్వాత దువ్వే మిషనులోకి వెళ్ళినప్పుడు ఇనప పళ్ళు దాన్ని పట్టి లాగేస్తాయి. దుప్పటికి కన్నం పడుతుంది. అందుకని మగ్గానికీ మిషనుకీ మధ్య ఒక గదిలో ఆరుగురు ఆడవాళ్ళు వాలు టేబుళ్ళ మీద బట్టని లాక్కుంటూ అరచేత్తో తడిమి, ముడి తగిలినచోట సుద్దతో గీత గీస్తారు. గీత ఉన్నచోట రఫూ చేసేవాళ్ళు ముడి విప్పి కుడతారు. తడిమేవాళ్ళు బట్ట వైపు చూడనైనా చూడరు. కిటికీలోంచి బయటికి చూస్తూ కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. పనంతా వేళ్ళదే.

మొదటి రోజు మా ఆవిడ పొట్టి జుట్టు మీద రుమాలు కట్టుకుని, తన టేబుల్ తనే తుడుచుకుని కూర్చుంది. గదిలో వాళ్ళంతా లేచి నిలబడ్డారట. మధ్యాహ్నం భోజనాల వేళకి వదిన మగ్గాల షెడ్డులోకి వచ్చింది. ఆ చప్పుడులో ఏమీ వినిపించక ఇద్దరం బయట బండ్లు పెట్టే చోటికి వెళ్ళాం.

"దాని వేళ్ళకి తెలియట్లేదు అబ్బాయ్," అంది. "పొద్దుట్నుంచి రెండు థాన్లు బాగున్నాయని పంపింది. అనుమానమొచ్చి మళ్ళీ నేను చూశాను. ఒకదాంట్లో నాలుగు, ఇంకోదాంట్లో ఆరు ముడులు."

మొదటి రోజు కదా, నీరసం ఉంటుంది కదా అని ఏదో సర్దబోయాను. వదిన తల అడ్డంగా ఊపింది. ఆ ఇంజెక్షన్లు పడ్డవాళ్ళకి వేళ్ళ చివర్లు మొద్దుబారతాయనీ, కొందరికి కొన్నాళ్ళకి తిరిగొస్తాయనీ ఆవిడ ఎక్కడో విని ఉంది. నెల రోజులు చూద్దామంది. ఈలోగా మా ఆవిడ టేబుల్ మీదికి వెళ్ళే థాన్లు ముందుగా తను తడిమి, రఫూ వాళ్ళచేత బాగుచేయించి పెడతానంది. షిఫ్టుకి గంట ముందు ఆ థాన్లు తెచ్చి ఇవ్వడం నా వంతు.

"దానికి మాత్రం తెలియకూడదు. ఆ చెయ్యొక్కటే మిగిలిందని వచ్చింది," అంది వదిన.

ఆ రోజే ఇంటికెళ్ళి చెప్పెయ్యవలసింది. చెబుదామనే వెళ్ళాను. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, ఇన్ని నెలల తర్వాత ఒళ్ళు అలిసిందనీ, ఆ అలుపు ఎంత బాగుందో తెలుసా అనీ అంటోంది. మర్నాడు తెల్లవారుతూనే నాలుగు థాన్లు బండి మీద వేసుకుని వదిన దగ్గరికి తోసుకెళ్ళాను.

మూడు రోజులు గడిచాయి. మూడో రోజు సాయంత్రం అన్నం తింటుండగా మా ఆవిడ నా వైపు అదోలా చూసింది.

"నీ మగ్గాలకి ఏం చేశావు బావా?"

"ఏం?"

"మూడు రోజులుగా నా చేతికి ఒక్క ముడి తగల్లేదు. నా జన్మలో ఇలాంటి బట్ట చూడలేదు. నేను లేనన్నాళ్ళూ కూర్చుని అన్నీ విప్పి బిగించావు కదూ?"

ఏదో కాస్త చూశానన్నాను. "కాస్తట! వింటున్నావా అమ్మా, కాస్తట," అని ఆవిడ మురిసిపోయింది. మా అత్త నన్ను ఎగాదిగా చూసి, తను వచ్చిన దగ్గర్నుంచి వంటింట్లో కుళాయి కారుతూనే ఉంది, అల్లుడి పనితనమంతా మిల్లులోనే అయిపోతోంది కాబోలు అంది. ఆ రాత్రే కుళాయి బాగుచేశాను. అంతకంటే నా చేతిలో ఏమీ ఉన్నట్టు అనిపించలేదు.

ఆ తర్వాత నాకొక పిచ్చి పట్టుకుంది. ఆమె అన్నమాట నిజం చేసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. మగ్గాలు నిజంగానే బాగుపడితే, బట్టలో నిజంగానే ముడులు లేకపోతే, ఇక అబద్ధమన్నదే ఉండదు. షిఫ్టు అయ్యాక కూడా ఉండిపోయి ఒక్కొక్క మగ్గమే విప్పాను. అరిగినవన్నీ మార్చాను, వదులైనవి బిగించాను, పోగు ఎక్కడెక్కడ ఒరుసుకుని తెగుతుందో అక్కడల్లా ఇనుముని అద్దంలా నున్నగా రుద్దాను. వారం వారం వదినని అడిగేవాణ్ణి, తగ్గాయా అని. కాస్త తగ్గాయనేది. కానీ ఉన్ని ఉన్నియే. తెగేది తెగుతూనే ఉంటుంది, ముడి పడుతూనే ఉంటుంది. దేవుడు దిగివచ్చి మెకానిక్కుగా చేరినా ఆ ముడులు పూర్తిగా పోవని తెలిసీ రెంచీ పట్టుకుని మగ్గాల చుట్టూ తిరిగాను.

నెల దాటింది. వేళ్ళు తిరిగి రాలేదు. మా ఆవిడ మాత్రం తిరిగొచ్చింది. ముఖంలో రంగొచ్చింది, మిల్లుకి నాకంటే రెండడుగులు ముందు నడిచేది, దారిలో కనిపించిన వాళ్ళందరికీ నా మగ్గాల సంగతి చెప్పేది. అసలే పొగడ్తలంటే ఒళ్ళు ముడుచుకుపోయే మనిషిని నేను. ఒక్కొక్క పొగడ్తా చెంప మీద తగిలేది. అవతల వదిన పెందలాడే లేచి రెండు పనులు చేసీ చేసీ నల్లబడిపోయింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఉదయం గంట ఎక్కువ నిలబడితే సాయంత్రానికి మెట్లు దిగలేకపోయేది. తన సొంత థాన్లు వెనకబడ్డాయి.

ఇంత జరుగుతుంటే మా ఆవిడ చేసిన ఘనకార్యం ఏమిటంటే, నాకు చెప్పకుండా మేనేజరు గదిలోకి వెళ్ళి నన్ను మెచ్చుకోవడం. మొగుణ్ణి పొగిడితే బాగోదు గానీ, ఇలాంటి పనివాణ్ణి గుర్తించకపోతే ఇంకా బాగోదు సార్ అందట. ఆయన చెడ్డవాడు కాదు. ఆపరేషన్ అనగానే ఇంకో ప్రశ్న వెయ్యకుండా సెలవిచ్చినవాడు. ఆమె వెళ్ళాక, ఏ టేబుల్ మీద ఎన్ని ముడులు దొరికాయో రాసే తప్పుల పుస్తకం తెప్పించుకుని చూశాడు. మా ఆవిడ టేబుల్ మీద నెలన్నరగా ఒక్క తప్పు లేదు. నా రెంచీ పుణ్యమా అని మిగతావాళ్ళవి కూడా తగ్గాయి. మర్నాడు నన్ను పిలిచి భుజం తట్టాడు.

"బట్ట ఇంత శుభ్రంగా దిగుతుంటే దాన్ని తడమడానికి ఆరుగురు దేనికయ్యా? ఉతికే షెడ్డులో మనుషులు చాలక చస్తున్నాం. ఆ పొడుగావిడ ఈమధ్య బాగా వెనకబడింది. సోమవారం నుంచి అక్కడికి పంపిస్తున్నా," అన్నాడు.

ఉతికే షెడ్డంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చీలమండల లోతు నీళ్ళలో నిలబడటం. చలికాలంలో, ఆ మోకాళ్ళతో. నిజం చెబితే మా ఆవిడ కుర్చీ పోతుంది, కుర్చీతోపాటు ఇప్పుడిప్పుడే లేచి నిలబడ్డ మనిషి పోతుంది. చెప్పకపోతే వదిన పోతుంది. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. "మంచిది సార్," అన్నాను. అని బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇప్పటికీ ఆ రెండు మాటలు గుర్తొస్తే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

వదిన దగ్గరికి వెళ్ళి చెప్పేస్తానన్నాను. ఆవిడ కసిరింది. నీళ్ళలో నిలబడ్డవాళ్ళెవరూ కరిగిపోలేదని, నోరు మూసుకుని నా పని నన్ను చూసుకోమని అంది.

మా ఆవిడకి ఈ కబురు శుక్రవారం సాయంత్రం తెలిసింది. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

"రేపు నేనే సార్ దగ్గరికెళ్తా. నాచేతా అక్కచేతా ఒకే బట్ట మీద చెయ్యి పెట్టించమంటా, అందరిముందూ. నా చేతికి తగిలినవన్నీ అక్క చేతికీ తగిలాయా లేదా ఆయనే చూస్తాడు."

"వద్దు," అన్నాను.

"ఎందుకు వద్దు?"

ఆయన ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదన్నాను. ఆదివారం పోనిచ్చి చూద్దామన్నాను. ఈ చలిలో గొడవలెందుకు, నీ ఆరోగ్యం చూసుకోవాలన్నాను. ఆరోగ్యం మాట ఎత్తేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ స్నేహాన్ని నీళ్ళలో ముంచి తను వెచ్చగా కూర్చోలేనంది. మా అత్త మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, దీపం తగ్గించి వెళ్ళి పడుకుంది.

శనివారం పొద్దున్నే మేనేజరు ఒప్పుకున్నాడు. సరదాగానే ఒప్పుకున్నాడు. మగ్గం నుంచి అప్పుడే దిగిన థాను ఒకటి తెమ్మని నాకే చెప్పాడు. షెడ్డులో వరసగా పేర్చిన థాన్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పి తడిమాను. ముడి లేనిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు. కానీ పాతికేళ్ళు ఇనుము పట్టిన చేతులివి. నున్నటి బట్టా, ముడులున్న బట్టా నా అరచేతికి ఒక్కలాగే ఉన్నాయి. ఇంకా రాలేదేమని కేక వినిపించింది. చేతికి వచ్చింది భుజానికెత్తుకుని వెళ్ళాను.

టేబుల్ చుట్టూ అందరూ మూగారు. మా ఆవిడ రుమాలు సరిచేసుకుని, అరచెయ్యి బట్ట మీద పెట్టి, కిటికీ వైపు తిరిగింది. వేళ్ళు ఒక్క తీరుగా, నీళ్ళమీద పోయినట్టు పోయాయి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళి, శుభ్రంగా ఉందంది. తర్వాత వదిన నిలబడింది. ఆవిడ కూడా చివరిదాకా తడిమింది.

"నాదీ అదే మాట సార్. ఏమీ లేదు," అంది.

మేనేజరు చేతులు కట్టుకుని, తను అంటున్నదీ అదేనన్నాడు. చూడ్డానికే ఏమీ లేనప్పుడు ఇంతమంది ఎందుకు అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వదిన బతుకు మునిగిపోతుంటే నాకు ప్రాణం తిరిగొచ్చిందన్నది కూడా దాచుకోకుండా చెప్పాలి.

మా ఆవిడ ఆయన వంక చూడటం లేదు. వదిన చేతినే చూస్తోంది. ఆ పనిలో ముదిరినవాళ్ళకి ముడి తగిలితే చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఒక్క రెప్పపాటే. ఆపుదామన్నా, ఆపకూడదనుకున్నా వాళ్ళ వశంలో ఉండదు.

"అక్కా, ఇంకొక్కసారి," అంది.

"చూశాను కదే."

"ఇంకొక్కసారి."

వదిన ఈసారి గబగబా తడిమింది. మా ఆవిడ సుద్ద తీసుకుని, ఆ చెయ్యి వెనకాలే నడుస్తూ మూడుచోట్ల మూడు గీతలు గీసింది. తొందరేమీ లేదు, రోజూ గీసినట్టే గీసింది. తర్వాత మొదటి గీత దగ్గర తన వేలు పెట్టింది. అదిమింది. బొటనవేలితో చూసింది, మధ్యవేలితో చూసింది, ఎడమచేత్తో కూడా చూసింది. ఆఖరికి పక్కకి జరిగి మేనేజరుని చూడమంది. ఆయన వంగి గోటితో గీకాడు. ముడి బయటికొచ్చింది. రెండోచోటా వచ్చింది. మూడోది చూడలేదు.

"మీరు ఇక్కణ్ణుంచి లేపాల్సింది అక్కని కాదు సార్," అంది మా ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. సుద్దని డబ్బాలో పెట్టి మూత వేసింది. వదిన ముఖం కప్పుకుని నిలబడితే వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "ఏడవకక్కా, బట్ట తడిస్తే మళ్ళీ ఉతికే షెడ్డుకే పంపుతారు" అంది. ఎవరూ నవ్వలేదు.

వదిన ఆ టేబుల్ దగ్గరే ఉండిపోయింది. మా ఆవిడకి మేనేజరు ఉన్ని గిడ్డంగిలో చీటీలు రాసే పని ఇచ్చాడు, ఆవిడ ఇప్పటికీ అదే చేస్తోంది. ఆ రోజు తర్వాత మిల్లులో ఎవరూ ఆమెని ఎక్స్‌రే అని పిలవలేదు. మానెయ్యమని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి బయల్దేరాం. మిల్లు గోడ దాటాక ఆవిడ అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

"మగ్గాలు?"

"కాస్త బాగుచేశాను. ముడులు పడుతూనే ఉన్నాయి."

"ఊరంతా చెప్పుకున్నానే నీ గురించి," అంది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది.

కొంతదూరం పోయాక తనే మొదలెట్టింది. రెండో ఇంజెక్షన్‌కే వేళ్ళు తిమ్మిరెక్కాయట. డాక్టరు వెళ్ళిన ప్రతిసారీ వేళ్ళెలా ఉన్నాయని అడిగేవాడు. బాగున్నాయని చెప్పేదట. బాలేవంటే మందు తగ్గిస్తారని పక్క మంచం మీదావిడ చెప్పిందట. ఆ గదిలో ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని నేను అన్నిసార్లూ విన్నాను ఆ మాట. బాగున్నాయి డాక్టరుగారూ. నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు.

"ఒక్క చుక్క కూడా తగ్గించనివ్వకూడదనుకున్నా. బతకాలనిపించింది బావా, ఎంత బతకాలనిపించిందో చెప్పలేను. ముందు బతికితే, వేళ్ళు టేబుల్ మీద పడ్డాక అవే గుర్తు తెచ్చుకుంటాయిలే అనుకున్నా. ఏమీ తగల్లేదు. తగలకపోతే నీ మగ్గాలే బాగుపడ్డాయనుకున్నా. అలా అనుకుంటే ఎంత హాయిగా ఉండేదో." నా వైపు తిరిగి, "తప్పు చేశానా?" అంది.

అవునని ఎలా అంటాను. కాదని అనడానికి నాకేం తెలుసు. పక్కన నడుస్తూనే ఆమె కుడిచేతి వేళ్ళ చివర్లని నా గుప్పిట్లోకి మెల్లగా తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి. ఆవిడ ముందుకే చూస్తూ నడిచింది. అలాగే మందుల దుకాణం దాటాం, బస్సుల కోసం నిలబడ్డవాళ్ళని దాటాం. పెద్ద రోడ్డు వచ్చింది. బండ్లు ఒకదాని వెనక ఒకటి లైట్లు వేసుకుని వస్తున్నాయి.

ఆవిడ ఆగి, అటూ ఇటూ చూసి, "చెయ్యి పట్టుకో బావా, దాటుదాం" అంది.

పట్టుకునే ఉన్నానని చెప్పలేదు. నా చెయ్యి నెమ్మదిగా పైకి జరిపి మణికట్టు దగ్గర పట్టుకున్నాను.

"ఆఁ, పద," అంది.